నూటికి తొంభై ఆరు

"రేపు రాత్రికి ప్రొఫెసర్ సదాశివం బతికుండాలి. అది నీ ప్లాటర్ చేతిలో ఉంది."

వాట్‌ఫర్డ్ స్టేషన్ ముందు ఆగిన వ్యాన్‌లో చీఫ్ విద్యాసాగర్ ఏజెంట్ క్రాంతి కుమార్‌తో గొంతు తగ్గించి అన్నాడు. 2014 అక్టోబర్. శత్రువుల కోడ్‌లు ఛేదించిన సదాశివాన్ని లండన్‌లో ఒక సేఫ్ హౌస్‌లో దాచారు. విదేశీ ముఠా పాత మురుగు సొరంగంలోంచి వెళ్ళి ఆ ఇంటి సెల్లార్ గోడ పగలగొట్టబోతోంది.

"మ్యాప్ ప్రింట్ తీయించుకోడానికి షాపుకి రాగానే పట్టుకుంటే, సార్?"

"వచ్చేది ఇద్దరే. మిగతావాళ్ళు జారుకుంటారు. అందరూ సొరంగంలోకి దిగాలి. ఆ గోడకి మాత్రం చేరకూడదు."

"వాళ్ళతో వచ్చే జెన్నిఫర్ సంగతి?"

"తెలుగమ్మాయే. మన జీతం తీసుకుంటోంది. వాళ్ళ జీతమూ తీసుకుంటోంది. నమ్మకు."

మర్నాడు మధ్యాహ్నం క్రాంతి ప్రింట్ షాపు ఏప్రన్ కట్టుకుని, పెద్ద మ్యాపులు ప్రింట్ చేసే ప్లాటర్ మెషిన్ పక్కన నిలబడ్డాడు. సొరంగంలో సిగ్నల్ ఉండదు. అందుకే ముఠాకి కాగితం మ్యాప్ కావాలి. దాని మీద స్కేలు పెట్టి దూరం తేల్చుకుని, కింద టేపుతో అంత దూరం కొలుచుకుంటారు. మ్యాప్ ఒక్క షీట్‌లో పట్టదు. ఆరు ముక్కలుగా ప్రింట్ తీసి అతికించాలి.

క్రాంతి ఐదు ముక్కల్ని తొంభై ఆరు శాతానికి కుదించాడు. అన్నీ ఒకేలా కుదిస్తే అతుకుల దగ్గర గీతలు చక్కగా కలుస్తాయి. ఆరో ముక్కలో సొరంగం లేదు, మ్యాప్ మీద ఎంతకి ఎంత దూరమో చూపే కొలగీత, స్కేల్ బార్ ఒక్కటే ఉంది. దాన్ని పూర్తి సైజులో వదిలేశాడు. ఇక ఆ మ్యాప్ మీద ఏ దూరం కొలిచినా నూటికి నాలుగు వంతులు తక్కువే వస్తుంది.

తలుపు తెరుచుకుంది. ఎర్ర కోటు, ఖరీదైన సెంటుతో జెన్నిఫర్. వెనకాలే బట్టతల గ్రెగర్. అతని కుడిచెయ్యి జేబులోనే ఉంది.

గ్రెగర్ స్టీల్ రూలర్ తీసి స్కేల్ బార్ మీద పెట్టాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"గుడ్. ఇక్కడే అతికించు."

అప్పుడు చూశాడు క్రాంతి. మ్యాప్ చుట్టూ ఉన్న నల్ల బోర్డర్! ఐదు ముక్కల్లో అది కుదించుకుపోయింది. ఆరోదాంట్లో కుదించుకోలేదు. పక్కపక్కన పెడితే గీత కలవదు.

జెన్నిఫర్ వంగి చూసింది. సరిగ్గా అక్కడే ఆమె వేలు ఆగింది.

క్రాంతి చెయ్యి ఏప్రన్ కింది పిస్టల్ మీదికి పోయింది.

"ఏం బాబూ, అంచులు కొయ్యడం కూడా చేతకాదా? ఇలా తే ఆ కట్టర్!" తెలుగులో కసిరింది.

"ఏమంటున్నావ్?" గ్రెగర్ ఇంగ్లీషులో గద్దించాడు.

"తిడుతున్నా. టిప్ ఇవ్వకు."

నాలుగు వైపులా బోర్డర్ కోసి బిన్‌లో పడేసింది.

ఆ సాయంత్రం సేఫ్ హౌస్‌కి రెండిళ్ళ ఇవతలి సెల్లార్‌లో క్రాంతి, సాయుధ పోలీసులు లైట్లార్పి కూర్చున్నారు. సొరంగంలో అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. ఆగలేదు. సదాశివం ఇంటివైపు సాగిపోయింది.

టేపు సర్రుమంది. కొలత దాటి వచ్చేశామని ఎవరో అన్నారు. అడుగులు వెనక్కి వచ్చాయి.

డ్రిల్లు గర్జించింది. ఇటుకలు రాలాయి. కన్నంలోంచి బట్టతల తొంగిచూసింది.

"ప్రొఫెసర్ ఎక్కడ?"

"రెండిళ్ళ అవతల," అన్నాడు క్రాంతి, పిస్టల్ ఆ నుదుటికి ఆనించి.

సొరంగం రెండో కొస నుంచి కూడా పోలీసులు దిగారు. ముఠా మొత్తం దొరికింది.

విద్యాసాగర్ ఫోన్ మోగింది. సదాశివం.

"శనివారం పూట కూడా ఈ డ్రిల్లింగేమిటయ్యా? కౌన్సిల్‌కి కంప్లయింట్ ఇవ్వనా?"

"అక్కర్లేదండీ. పనివాళ్ళు వెళ్ళిపోతున్నారు. ఇంకో ఇరవై ఏళ్ళ దాకా రారు."