గాలి తగ్గేదాకా

వసారాలో కూర్చుని ప్రవళిక బియ్యం చెరుగుతూ ఉంది. చాట ఎగరేసినప్పుడల్లా పొట్టు పడమర వైపే పోవడం ఆమె గమనిస్తూనే ఉంది. అంతలో ఆ పొట్టంతా గేటు తీసుకుని వచ్చిన యెషయా మీద పడింది.

"ఏందిది? కొత్త చొక్కా అని కూడా సూడవా?"

"గాలికి ఎదురొచ్చి నిలబడితే నేనేం చేసేది?" అంది ప్రవళిక నవ్వాపుకుంటూ. "తూర్పు గాలి మొదలైంది."

యెషయాది నంద్యాల పక్క పల్లె. వచ్చే సోమవారమే వాళ్ళిద్దరి ప్రధానం. ఉంగరం కోసం ఆమె వేలి కొలత చూసుకుపోదామని ఆళ్ళగడ్డలోని వాళ్ళింటికి వచ్చాడు.

కొలత తీసేలోపే ప్రవళిక ఫోను మోగింది. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడుతోంది, ఓడ రేపు చెన్నైలో బయల్దేరుతుంది, రమ్మన్నారు ఆఫీసువాళ్ళు. తుఫాను దగ్గరికి వెళ్ళి, ఓడ మీది నుంచి పెద్ద బెలూన్లకు పరికరాలు కట్టి పైకి వదలడం ఆమె ఉద్యోగం. పైన గాలి ఎంత వేగంగా వీస్తోందో, తేమ ఎంత ఉందో అవి చెబుతాయి.

ఆమె సంచి సర్దుకుని వచ్చేసరికి తండ్రి సంజీవయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"ప్రధానం పెట్టుకోని ఓడెక్కుతావా? నువ్వు తప్ప ఆడ ఇంకెవురూ లేరా?"

"ఉండారు నాయనా. అయినా ఈ పని నాది."

మాట గట్టిగానే వచ్చింది. చూపు మాత్రం యెషయా వైపు పోయింది. ఇతను వద్దంటే ఈ సంబంధం ఇక్కడితో సరి.

యెషయా చొక్కా దులుపుకుంటూ అడిగాడు. "ఓడ ఊగుతాంటే బెలూన్ ఎట్ల వదుల్తావు?"

"చేత్తో పట్టుకోని నిలబడాల. గాలి కొంచెం తగ్గంగానే వదలాల."

"తగ్గకపోతే?"

"తగ్గేదాకా పట్టుకోనుంటా."

"మా వరి కోతకొచ్చింది. కోసేదా, ఆగేదా?"

"బెలూన్ పైకి పోయినాక చెప్తా."

"నా ఒక్కనికేనా?"

"ఆశ! అన్ని ఊర్లకూ."

యెషయా పకపకా నవ్వాడు. జేబులోంచి దారం తీసి, ఆమె వేలికి చుట్టి, ముడి వేసి, ఆ కొలత చెదరకుండా వేలి నుంచి మెల్లగా జార్చి తీసుకున్నాడు.

"మామా, దినం మారుద్దాం. మా వాళ్ళకు నేను చెప్తా." తర్వాత ఆమెకు మాత్రమే వినబడేలా, "ఇది నా దగ్గరుంటాది. నువ్వొచ్చేదాకా పట్టుకోనుంటా," అన్నాడు.

ప్రవళిక తలెత్తి అతన్ని నిండుగా చూసింది.

సంజీవయ్య ఇద్దరినీ చూశాడు. చెప్పులు వేసుకున్నాడు. కూతురి సంచి భుజాన తగిలించుకుని బస్టాండు వైపు నడిచాడు.