అంబారీ గదిలో నిద్ర

ఆ రోజు కూడా పాండురంగం పొద్దున్నే లేచి, గేటుకు తగిలించిన సంచిలోంచి పాల పాకెట్లు తీసుకొచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. మూడు పాకెట్లు. ఇక రెండు చాలని పాలవాడికి చెప్పాలని రోజూ అనుకుంటాడు. చెబితే, ఎందుకని అడుగుతాడు. ఆ ప్రశ్నకు భయపడి మూడో పాకెట్టును రోజూ ఫ్రిజ్‌లో పెట్టేస్తున్నాడు.

"వింటున్నరా, చాయ్ పెట్టిన" అంది అనసూయ, అటు తిరిగే.

పెళ్ళయిన కొత్తలో ఆమె భర్తను ఏమనీ పిలిచేది కాదు. కొడుకు పుట్టాక 'శశాంక్ నాయినా' అని పిలిచింది. మనవరాలు పుట్టాక 'మహీ తాతా' అయింది. తొమ్మిదేళ్ళు ఆ పిలుపే. దుకాణానికి ఫోన్ చేసినా అదే, గుళ్ళో జనంలో తప్పిపోయినా అదే. మహిత పోయినప్పటి నుంచి 'వింటున్నరా' అంటోంది. ఏమని పిలవాలో ఆమెకు తెలియడం లేదు. పిలిస్తే ఎలా పలకాలో అతనికీ తెలియడం లేదు.

చాయ్ గ్లాసు అందుకుంటుండగా హాల్లో శశాంక్ ఫోన్ మోగింది. కొడుకు స్నానానికి వెళ్ళాడు. పాండురంగమే ఎత్తి, సరిగా వినబడక స్పీకర్ పెట్టాడు.

"గుడ్ మార్నింగ్ సర్. నేను దీపను, పార్కు హోటల్ నుంచి మాట్లాడుతున్నాను. రేపు మీకు అంబారీ సూట్ బుక్ అయి ఉంది సర్. పాప పేరు మహిత కదా? పాప మంచం మీద పేరు రాసిపెడతాం. తెలుగులో రాయమంటారా, ఇంగ్లిష్‌లోనా?"

పాండురంగం చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

ఆ గది సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయారు. హైదరాబాద్ దాటాక కట్టిన పెద్ద ఆటల పార్కును ఆనుకునే ఉన్న హోటల్ అది. ఒక్క రాత్రికి నలభై ఎనిమిది వేలు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు పాండురంగం నవ్వాడు. "ఆ పైసలకు రెండు పెళ్ళిళ్ళల్ల చుట్టాలకు పెట్టే చీరెలొస్తయి బిడ్డా. పొద్దున రైలుకు పోయి, ఆడుకోని, సాయంత్రం రైలుకొస్తే అయిపాయె. పండుకునుడెందుకు? మనకు ఇల్లు లేదా?"

వరంగల్ బజారులో అతనిది బట్టల దుకాణం. మహిత బడి నుంచి తిన్నగా దుకాణానికే వచ్చేది. చెప్పులు విప్పి, తెల్ల పరుపు మీద తాత పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చునేది. గిరాకీలు బేరమాడడం చూసి చూసి ఆమెకూ ఆ విద్య వచ్చేసింది.

"నీకు తెల్వదు తాతా. ఆ రూముల ఏనుగుంటది. గింత పెద్దది. దాని మీద అంబారీ, అంబారీల నా మంచం. నిచ్చెనెక్కి పోవాలె. కిటికీలకెల్లి పార్కు మొత్తం కనవడ్తది. పొద్దుగాల గేట్లు తీయకముందే మనల్ని ఒక్కల్నే లోపలికి పంపిస్తరు. లైనుండదు, ఏముండదు. రంగుల గుర్రాలన్నీ నాకే!"

"ఖిలాల రాతి ఏనుగుల మీద ఎక్కిస్త తియ్యి. ఫ్రీ."

"ఇగో, బర్త్‌డే డ్రెస్ వద్దు. దీపావళికి పటాకులు వద్దు. అవన్ని తీసెయ్యి. ఇప్పుడు ఫైనల్ రేటు చెప్పు."

దుకాణంలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. పాండురంగం ఓడిపోయాడు. అయితే ఓడిపోతూ కూడా ఒక మెలిక పెట్టాడు. శ్రావణమాసం పెళ్ళిళ్ళ గిరాకీ అయిపోవాలి, భాద్రపదంలో వెళ్దాం, అప్పుడైతే దుకాణం ఖాళీగా ఉంటుంది. మహిత ఆలోచించి, చెయ్యి చాపింది. తాతా మనవరాలూ చేతులు కలుపుకున్నారు. ఆ రాత్రే శశాంక్ పైసలన్నీ ముందే కట్టి గది బుక్ చేశాడు.

శ్రావణం చివరి వారంలో జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. భాద్రపదం వచ్చేసరికి మహిత లేదు.

"సర్? లైన్‌లో ఉన్నారా?"

మేము రావడం లేదమ్మా అని ఒక్క మాట చెప్పి పెట్టేయాల్సింది. కానీ నలభై ఏళ్ళు దుకాణం గద్దె మీద కూర్చున్న నోరు దాని అలవాటు మాట అది అనేసింది.

"క్యాన్సల్ చేస్తే వాపస్ ఎంతిస్తరమ్మా?"

"రేపే కదా సర్, ఇప్పుడు క్యాన్సల్ చేస్తే రిఫండ్ ఉండదు."

"గట్లంటే ఎట్ల? మేం గుడ యాపారం చేసెటోల్లమే. సగమన్న ఇయ్యాలె. మీ మేనేజర్‌కియ్యి, నేను మాట్లాడ్త…"

తలెత్తాడు. వంటింటి గుమ్మంలో కోడలు సౌమ్య నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. అతను ఫోన్ పెట్టేశాడు.

"ఎంతకు తెగింది మామయ్యా బేరం?" అంది సౌమ్య.

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

*

తొమ్మిదింటికి సౌమ్య అన్న శ్రీనివాస్ స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చాడు. చెల్లెల్నీ బావనూ నిద్రకు తీసుకుపోవడానికి. ఇంట్లో చావు జరిగితే దగ్గరివాళ్ళు వచ్చి, ఆ ఇంటివాళ్ళను తమ ఇంటికి తీసుకుపోయి, ఒక రాత్రి పడుకోబెట్టి పంపిస్తారు. ఆ నిద్ర అయ్యేదాకా వాళ్ళు ఇంకెవరి గడపా తొక్కరు.

"ఇంక తయారు కాలేదాయె?" అన్నాడు శ్రీనివాస్ చెప్పులు విడుస్తూ. "అమ్మ పొద్దటిసంది ఎదురుచూస్తాంది."

"నేను ఘన్‌పూర్ వస్తలేను అన్నయ్యా" అంది సౌమ్య. "రేపు మహి రూములనే నిద్ర చేస్త."

ఏ రూమని శ్రీనివాస్‌కు అర్థం కాలేదు. అప్పుడే లోపలి గదిలోంచి వచ్చిన శశాంక్ విషయం చెప్పాడు. శ్రీనివాస్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"పార్కులనా? హోటల్ల నిద్రేందే నీ తెలివి తెల్లారా! ఎవలన్న వింటే ఏమనుకుంటరు?"

"నిద్రంటే మనోళ్ళింట్ల పండుకునుడు బిడ్డా" అంది అనసూయ. "సత్రాలల్ల, హోటళ్ళల్ల చెయ్యరు."

"బిడ్డ పోయి నెల గాకముందే పార్కుకు వోయిండ్రంటే బజార్ల తలెత్తుకుంటమా?" అన్నాడు పాండురంగం.

సౌమ్య అతని వైపు తిరిగింది. "నెల కాలేదని నాకు చెప్తున్నరా మామయ్యా?"

శ్రీనివాస్ మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

"బడిల రిజిస్టర్ల పేరు కొట్టేసిండ్రు. క్లాసు వాట్సాప్ గ్రూపులకెల్లి నన్ను తీసేసిండ్రు, బాధపడ్తదని. రేపో మాపో రేషన్ కార్డుల తీసేస్తరు. నా బిడ్డ పేరు ఇంకా రాస్తమంటున్నది ఆ ఒక్క మంచం మీదనే. అది మనోళ్ళిల్లు కాదా అత్తమ్మా? ఇంకేది మనోళ్ళిల్లు?"

"సౌమ్యా, ఇగ చాలు" అన్నాడు శశాంక్.

"నువ్వు ఊకో. బిడ్డ అడిగినప్పుడు గుడ నువ్వు ఊకున్నవ్." ఆమె మళ్ళీ మామ వైపు తిరిగింది. "అడిగినప్పుడు సీజనన్నరు. సరే. అది దుకాణం. కని అంబులెన్స్ కాడ గుడ బేరమేంది మామయ్యా?"

పాండురంగం కళ్ళు మూసుకున్నాడు. ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని అతనికి తెలుసు.

జ్వరం ముదిరిన ఆ సాయంత్రం మహితను హైదరాబాద్ దవాఖానకు మార్చమన్నారు. స్ట్రెచర్ బయటికి వచ్చింది. అంబులెన్స్ డ్రైవర్ రేటు చెప్పాడు. పాండురంగం నోటి నుంచి "జర సూసి చెప్పు తమ్మీ" అని వచ్చేసింది. అనుకుని అన్నది కాదు. పైసలు లేకా కాదు. వెంటనే జేబులోంచి తీసి ఇచ్చేశాడు. మొత్తం కలిపి ఒక నిమిషం కూడా కాదు. ఆ నిమిషం వల్ల ఏమీ మారలేదని డాక్టరు తర్వాత తనంతట తానే చెప్పాడు. కానీ సౌమ్య స్ట్రెచర్ పట్టుకుని ఆ నిమిషమంతా అక్కడే నిలబడి ఉంది.

"వద్దంటే చెప్పుండ్రి, ఇప్పుడే అన్నయ్యతోని పోత" అంది సౌమ్య. "పోతె మల్ల ఈ గడపల అడుగుపెట్ట. నేను బెదిరిస్తలేను. నాకు ఈ ఇంట్ల నిద్ర పడ్తలేదు. బిడ్డ పోయినకాడికెల్లి నేను కన్ను మూసింది లేదు. మీకెవలికన్న తెలుసా?"

తెలుసు. అర్ధరాత్రి నీళ్ళకు లేచినప్పుడల్లా పాండురంగానికి ఆమె హాల్లో గోడకు ఆనుకుని కూర్చుని కనిపించేది. ఏమనాలో తెలియక, చూడనట్టే వెళ్ళిపోయేవాడు.

శ్రీనివాస్ ఏదో అనబోయాడు. పాండురంగం చెయ్యెత్తి ఆపాడు. కొడుకు ఫోన్ తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, పొద్దున వచ్చిన నంబరు వెతికాడు.

"అమ్మా, పొద్దున మాట్లాడిన… మహిత వాళ్ళ తాతను. వస్తున్నం." సౌమ్య వైపు చూశాడు. "పేరు తెలుగులనే రాయమ్మా."

*

మరుసటి రోజు నలుగురూ కారులో వెళ్ళారు. దారిలో శశాంక్ ఒకచోట ఆపి చాయ్ తాగుదామా అన్నాడు. ఎవరూ దిగకపోతే మళ్ళీ బండి తీశాడు.

గది తలుపు దగ్గర దీప అనే ఆ అమ్మాయి బుడగల గుత్తి పట్టుకుని నిలబడి ఉంది. నలుగురినీ చూసి, వాళ్ళ వెనకాల వెతికింది. "పాప ఏది సర్? కింద ఆడుకుంటోందా?"

శశాంక్ ఆమెను పక్కకు పిలిచి చెప్పాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బుడగలు వెనక దాచుకుంటూ, "ఆ పేరు బోర్డు తీసేయిస్తాను మేడమ్, సారీ మేడమ్" అంది.

"ఉండనియ్యమ్మా" అంది సౌమ్య. "దాని కోసమే వచ్చినం."

పాండురంగం లోపలికి వచ్చి సరుకు చూసినట్టే చూశాడు. ఈ వయసులో మారదు ఆ చూపు. ఏనుగు నిజంగానే గోడంత ఉంది. కళ్ళు తడిగా మెరిసేలా చేశారు. వీపు మీద ఎర్ర గుడ్డ కప్పిన అంబారీ, దానికి చిన్న కర్ర నిచ్చెన. పరుపు దగ్గర పలక మీద గుండ్రని అక్షరాలతో 'మహిత' అని ఉంది. కిటికీ తెర తీస్తే పార్కు మొత్తం కాళ్ళ కింద పరిచినట్టు ఉంది. పిల్లలు, రంగుల గుర్రాలు, తడిసిన గొడుగులు. ఎక్కడో ఒక లోపం ఉంటుందని అతను వెతికాడు. దారప్పోగు ఊడినా చాలు, చూశారా, మోసం అనుకుని ఊపిరి పీల్చుకునేవాడు. మహిత చెప్పింది చెప్పినట్టే ఉంది. ఇచ్చిన పైసలకు సరుకు సరిగ్గానే ఉంది. అతను తట్టుకోలేకపోయింది దాన్నే.

చీకటి పడ్డాక పార్కు మూసేశారు. ఒక్కో దీపం ఆరిపోతుంటే నలుగురూ కిటికీ దగ్గర నిలబడి చూశారు. తర్వాత సౌమ్య నిచ్చెనెక్కింది. అది పిల్లల మంచం. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, గోడవైపు తిరిగి పడుకుంది. పెద్ద మంచం వాళ్ళ కోసమే పరిచి ఉన్నా మిగిలిన ముగ్గురూ దాని మీదికి ఎక్కలేదు. కిందే, ఏనుగు కాళ్ళ దగ్గర దుప్పట్లు వేసుకున్నారు.

పైనుంచి ఏడుపు చాలాసేపు వినిపించింది. తర్వాత ఆగింది.

తెల్లవారాక పాండురంగం నిచ్చెన మొదటి మెట్టెక్కి చూశాడు. సౌమ్య నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. చెయ్యి పలక మీద ఉంది. అతను చప్పుడు చేయకుండా దిగాడు.

కింద పార్కులో గేట్లు ఇంకా తీయలేదు. ఈ గదిలో దిగినవాళ్ళ కోసమని రంగుల గుర్రాలు తిరగడం మొదలుపెట్టాయి. ఎవరూ ఎక్కలేదు. నడిపేవాడు కాసేపు హోటల్ వైపు చూశాడు. గుర్రాలు ఖాళీగా పైకీ కిందికీ ఊగుతూ తిరిగాయి, తిరిగాయి, ఆగిపోయాయి. శశాంక్ కిటికీ తెర లాగేసి, ఆ తెరలోనే మొహం దాచుకున్నాడు. పాండురంగం కొడుకు వీపు మీద చెయ్యి వేశాడు. శశాంక్ ఆ చెయ్యి తీసేయలేదు. ఫలహారాల బండి వస్తే అనసూయ గుమ్మంలోనే ఆపి వెనక్కి పంపింది, ఆ గిన్నెల చప్పుడుకు కోడలు లేస్తుందని.

పదకొండుకు గది ఖాళీ చేయాలి. పదిన్నర దాటింది. పైన సౌమ్య అటు నుంచి ఇటు తిరిగి, మళ్ళీ గాఢంగా నిద్రపోయింది.

ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళాలో పాండురంగానికి తెలుసు. అదే ఇల్లు, అదే హాలు, గేటుకు మూడు పాకెట్లు. ఈ నిద్ర దేన్నీ బాగుచేయదు. లేవగానే ఆమెకు మళ్ళీ మొత్తం గుర్తొస్తుంది.

అనసూయ దగ్గరికి వచ్చి, చెవిలో చెప్పినట్టుగా అంది. "మహీ తాతా, కిందికి వోయి అడుగు. ఇంకో జరసేపు ఉంటమని."

చాలా రోజులకు విన్న ఆ పిలుపుకు అతను ఒక్క క్షణం కదలలేకపోయాడు. తర్వాత చెప్పులు చేత పట్టుకుని బయటికి వచ్చి, తలుపు మెల్లగా దగ్గరకు వేశాడు.

కింద బల్ల దగ్గర దీప ఉంది. అతన్ని చూసి లేచి నిలబడింది.

"మా కోడలు పండుకున్నదమ్మా" అన్నాడు పాండురంగం. "బిడ్డ పోయినంక ఇదే పండుకునుడు. జర ఉండనియ్యాలె."

"ఉండొచ్చు సర్. కానీ గంటల లెక్కన ఎక్స్‌ట్రా ఛార్జ్ పడుతుంది సర్, సిస్టమ్‌లో తప్పదు…" ఆమె ఇబ్బందిగా ఆగి, రేటు చెప్పబోయింది. "ఎన్ని గంటలు వేయమంటారు?"

పాండురంగం జేబులోంచి పైసల కట్ట మొత్తం తీసి బల్ల మీద పెట్టాడు. రేటు ఎంతని అడగలేదు.

"ఆమె లేచెదాంక" అన్నాడు.