సున్నాకి ఒక ఫోటో

ఆ వారంలో ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. ఇద్దరినీ వాళ్ళ ఇంటి గుమ్మంలోనే కాల్చారు.

"ఇళ్ళెలా తెలిశాయి సార్?" అన్నాడు సున్నా.

అతనికి ఆ పేరు ఊరికే రాలేదు. అతని ఫోటో ప్రపంచంలో ఒక్కటంటే ఒక్కటి లేదని డిపార్ట్‌మెంటు గొప్పగా చెప్పుకునేది. పెళ్ళికి ఫోటోగ్రాఫర్ని కూడా రానివ్వలేదు. భార్య ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

చీఫ్ బల్ల మీద సూపర్‌మార్కెట్ ప్లాన్ పరిచాడు.

"దొంగల్ని పట్టడానికని షాపు పెట్టుకున్న కెమెరాలు. వచ్చిన ప్రతి ముఖాన్నీ దాచుకుంటాయి. పక్కన ఎవరున్నారు, సరుకులు ఏ ఇంటికెళ్ళాయి, అన్నీ. విదేశీ ముఠా దాన్ని మొత్తం కాపీ చేసింది. వెనక గదిలో వాళ్ళ మెషీన్ ఉంది. మధ్యాహ్నం పన్నెండుకి ఆ కాపీ దేశం దాటుతుంది. నువ్వెప్పుడైనా ఇంట్లోవాళ్ళతో అక్కడికెళ్ళావా?"

"లేదు సార్."

పచ్చి అబద్ధం. కుటుంబంతో షాపుకెళ్ళకూడదన్నది ఏజెంటుకి మొదటి రూల్. స్కూలు తెరిచే ముందు రోజు కూతురు చెయ్యి పట్టుకుని ఏడిస్తే, బూట్లు కొనడానికి పావుగంట వెళ్ళాడు. ఇప్పుడా పావుగంట ముఠా చేతిలో ఉంది.

పదకొండున్నరకి తెల్లగడ్డం, చేతికర్రతో ఒక ముసలాయన ఆ షాపులో అడుగుపెట్టాడు. సెంట్ల కౌంటర్లో ఉన్నామె అందగత్తె అని వేరే చెప్పాలా? ఇటు డిపార్ట్‌మెంటుకీ అటు ముఠాకీ పనిచేయాలంటే ఆ మాత్రం ఉండాలి.

"వాసన లేని సెంటు ఉందా అమ్మా?"

"దాన్ని నీళ్ళంటారు తాతగారూ."

కోడ్ కలిసింది. ఆమె నవ్వు చెదరకుండా గొంతు తగ్గించింది. "గడ్డం పెట్టారు గానీ చెవులు మార్చుకోలేదు. గుమ్మంలోనే కెమెరా పట్టేసింది. మా వాళ్ళు బయల్దేరారు."

"మరి నాకెందుకు చెబుతున్నావ్?"

"అందులో మా అమ్మ ముఖం కూడా ఉందండీ." చేతిలో లిప్‌స్టిక్ పెట్టింది. మూత తీస్తే, కాపీ మొత్తాన్నీ చెరిపేసే పెన్‌డ్రైవ్.

వెనక గదిలో మెషీన్‌కి దాన్ని తగిలించగానే స్క్రీన్ మీద అతని ఫైలే తెరుచుకుంది. బూట్ల వరుస ముందు మోకాళ్ళ మీద కూర్చుని కూతురికి లేసు కడుతున్నాడు. వెనక భార్య నవ్వుతోంది. కింద ఇంటి నంబరు. ముగ్గురూ కలిసున్న ఫోటో లోకంలో ఇదొక్కటే. ఎంత బాగుందో! చెరపడానికి అతనికి చెయ్యి రాలేదు.

తలుపు అవతల అడుగుల చప్పుడు. పన్నెండుకి పది సెకన్లు. ఇంకో పది సెకన్లు చూస్తే ఫోటోలోని తల్లీకూతుళ్ళిద్దరూ ఉండరు. కళ్ళు మూసుకుని డిలీట్ నొక్కాడు. మూడు సెకన్లు మిగిలాయనగా స్క్రీన్ ఖాళీ అయింది. అదే క్షణంలో ఫైర్ అలారం మోగింది, ఆమె పనే. పరిగెత్తే జనంలో కలిసి బయటపడ్డాడు.

సాయంత్రం నున్నటి గడ్డంతో ఇంటికి చేరాడు. భార్య ఎగాదిగా చూసింది.

"ఏమండీ, మీకు తెల్లగడ్డం ఎప్పుడొచ్చింది?"

"నాకా?"

ఫోన్ చేతికిచ్చింది. షాపు పంపిన మెసేజ్. 'మీవారి గడ్డం నెరిసింది. రంగుపై ఇరవై శాతం తగ్గింపు.' వచ్చింది మధ్యాహ్నం రెండింటికి.

అతను చెరిపింది ముఠా కాపీ. అసలుది షాపు దగ్గరే భద్రంగా ఉంది. దాన్ని చెరపమని అతనికెవరూ ఆర్డర్ ఇవ్వలేదు, ఇవ్వరు కూడా.

"మన ఫోటో ఒక్కటీ లేదని దెప్పుతావుగా," అన్నాడు సున్నా. "ఆ షాపునడుగు, ఇస్తారు."