తాకకుండానే కదిలిన క్రేన్

స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్‌లో, సెక్టర్ 6 చివరి వీధిలోని ఆ క్వార్టరంటే అందరికీ హడలే. అందులో ఉండే క్రేన్ ఆపరేటర్ గణపతిరావు నైట్ షిఫ్టుకని తయారై, గుమ్మంలోనే ప్రాణం వదిలేశాడట. అప్పట్నుంచి అర్ధరాత్రి దాటితే లోపల ఎవరో లివర్లు లాగుతున్న చప్పుడు వస్తుందని చెప్పుకుంటారు.

సతీష్‌కుమార్‌కి ఇలాంటివి పట్టించుకునే ఓపిక లేదు. పదకొండేళ్ళు ఫర్నేస్ దగ్గర కాంట్రాక్టు పని చేసి ఒళ్ళు హూనమైపోయింది. క్వార్టర్ ఖాళీగా ఉందంటే చాలనుకుని, తండ్రి సూర్యారావుతో అందులో దిగిపోయాడు.

ఆ రాత్రి... తెల్లారితే ట్రైనింగ్ సెంటర్లో తన ప్రోగ్రామ్ చూపించాలి. గేమ్‌ప్యాడ్ మీద స్టిక్ కదిపితే స్క్రీన్ మీద బొమ్మ క్రేన్ కదలాలి. కొత్తవాళ్ళు దానిమీద పని నేర్చుకుంటారు. అది నడిస్తే సతీష్‌కి అక్కడే ఉద్యోగం. లేకపోతే మళ్ళీ ఆ మంట ముందుకే. సాయంత్రం దాకా బాగానే నడిచిన ఆ పైథాన్ ప్రోగ్రామ్, తొమ్మిదింటినుంచి మొరాయించింది. ఎంత కదిపినా స్క్రీన్ మీద సున్నాలే.

ఒంటిగంటన్నర. ప్యాడ్ బల్లమీద పడేసి, మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. ఏడుద్దామన్నా ఓపిక లేదు.

తలెత్తేసరికి — సున్నాలు లేవు.

అంకెలు మారుతున్నాయి... నెమ్మదిగా, ఆగి ఆగి... క్రేన్ కొక్కెం కిందికి దిగుతోంది. ప్యాడ్ మాత్రం బల్లమీద ఎక్కడిదక్కడే ఉంది.

పాత ప్యాడ్ కదా, స్టిక్ వదులై తప్పుడు అంకెలు పంపుతోందేమో అనుకున్నాడు. కానీ ఇది అలా లేదు. బరువు ఊగకుండా లేపి, పక్కకి జరిపి, మళ్ళీ ఆపి... వారం రోజులుగా సతీష్‌కి చేతకాని పని అది.

గభాల్న వైరు పీకేశాడు.

అంకెలు ఆగలేదు...

ఒళ్ళు చల్లబడింది. లేచి పారిపోదామా అనుకున్నాడు. ఆఖరికి భయం కన్నా విసుగే ఎక్కువై, ఇంకా ఎన్ని ప్యాడ్‌లు తగులుకుని ఉన్నాయో ప్రోగ్రామ్‌నే అడిగాడు.

ఒకటి — అని చూపించింది. వైర్‌లెస్.

అప్పుడు గుర్తొచ్చింది. ఎందుకైనా మంచిదని దోస్త్ రాజాబాబు దగ్గర ఇంకో ప్యాడ్ తెచ్చి, తొమ్మిదింటప్పుడే కలిపాడు. చూస్తానని నాన్న తీసుకున్నాడు. కంప్యూటర్ దాన్నే మొదటిదిగా లెక్కేసింది, ప్రోగ్రామేమో మొదటిదాని మాటే వింటుంది. ఒక్క అంకె మారిస్తే చాలు, రేపటి గండం గడిచినట్టే. ఊపిరి పీల్చుకున్నాడు.

మరి ఈ వేళప్పుడు...?

వెనక గదిలోకి వెళ్ళాడు. చీకట్లో సూర్యారావు మంచం అంచున నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ప్యాడ్. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం కాళ్ళ కింద ఎక్కడో లోతులో ఉంది.

"నాన్నా..."

"ఉండరా... కింద మనుసులున్నారు."

సతీష్ ఉన్నచోటే ఆగిపోయాడు. నాన్న ముప్పయ్యేళ్ళు క్రేన్ మీద గడిపిన మనిషి. రిటైరై నాలుగేళ్ళయినా రాత్రిళ్ళు కన్ను మూతపడదు. ఆ పనిలో ఎంత అలిసిపోయినా, తర్వాతి షిఫ్టు రిలీవర్ పైకొచ్చేదాకా దిగడానికి లేదు.

కాసేపటికి వేళ్ళు ఆగాయి. బరువు దించేసినట్టున్నాడు.

"రిలీవర్ వచ్చీసేడా?" గుసగుసగా అడిగాడు.

సతీష్ దగ్గరికెళ్ళి చేతులు చాపాడు.

"వచ్చీసేనండి. మీరు దిగిపోండి."

సూర్యారావు ప్యాడ్ అతని చేతుల్లో పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. రిటైరయ్యాక ఆయన తెల్లారేదాకా నిద్రపోయింది ఆ ఒక్క రాత్రే.