బూరెకు ఇంకా ఆరు నెలలే

డ్రైవరు లేని బండి గేటు ముందు ఆగింది. వెనక తలుపు తనంతట తానే పైకి లేచింది. అందులోంచి బంగారు రంగు కుక్క ఒకటి దూకి, ఒళ్లు విదిలించుకుని, పెళ్ళికొచ్చిన చుట్టంలాగా హుషారుగా లోపలికి నడిచింది. తనను వదిలించుకున్నారన్న సంగతి పాపం దానికి తెలియదు.

జాస్వికమ్మ వరండాలో కూర్చుని చూస్తోంది. ఆ కాలపు బామ్మల పేర్లు ఇలాగే ఉంటాయి మరి. డెబ్బై నిండిన పశువైద్యురాలు. చింతపల్లి కొండల చలిలో గోల్డెన్ రిట్రీవర్లను పెంచడం తప్ప ఆవిడ ఇంకో పని పెట్టుకోలేదు, పెళ్ళితో సహా.

"ఇదెవరు?" అంది.

"బూరె. పద్దెనిమిదేళ్ళు. జబ్బేమీ లేదు," అని గోడలోంచి జవాబు చెప్పింది దర్జీ. "విశాఖపట్నం నుంచి తన్మయి గారు పంపారు. పాప పెద్దదైపోయిందట, ఇంట్లో ఎవరికీ తీరిక లేదట. మీకిచ్చిన మాట ప్రకారం మీకే పంపుతున్నామన్నారు."

"ఊఁ," అంది జాస్వికమ్మ. అంతకుమించి ఏమీ అనిపించలేదు. మొదట్లో ఇలా ఒక్క కుక్క వెనక్కి వచ్చినా రోజంతా ఏడ్చేది. తర్వాత్తర్వాత కోపం వచ్చేది. ఇప్పుడు ఆ రెండూ రావడం మానేశాయి.

దర్జీ అంటే మనిషి కాదు, జన్యువులను కుట్టే జన్యుసీవన యంత్రం. కంపెనీ పెట్టిన పేరు నోరు తిరగక ఆవిడ పెట్టుకున్న ముద్దుపేరు అది. కుక్క పిండం ఇంకా ఒకే ఒక్క కణంగా ఉన్నప్పుడే దాని డీఎన్‌ఏ పోగును ఈ కొస నుంచి ఆ కొసదాకా చదువుతుంది. చిరుగు కనబడితే కత్తిరించి, ఆరోగ్యంగా ఉన్న మరో కుక్క జన్యువును చూసి ఆ మేరకు కొత్త ముక్క అల్లి అతుకు వేస్తుంది. ఆ అతుకు ఎంత నున్నగా ఉంటుందంటే, ఎక్కడుందో మళ్ళీ దర్జీయే వెతకాలి.

జాస్వికమ్మ చిన్నప్పుడు ఈ జాతిలో చాలా కుక్కలు కాన్సరుతోనే పోయేవి. ఆవిడ మొదటి కుక్క లడ్డు ఆరేళ్ళకే కడుపులో గడ్డ పగిలి ఆవిడ ఒళ్ళోనే ప్రాణం విడిచింది. అప్పటినుంచీ ఆవిడకి అదే పట్టుదల. తుంటి ఎక్స్‌రే తీయించి, గుండె, కళ్ళు పరీక్ష చేయించనిదే ఏ కుక్కనీ జత కట్టించేది కాదు. ఒక ఈతలో ఒక్క పిల్లకి జబ్బు తేలినా, మనసు చంపుకుని ఆ వంశాన్ని అక్కడితో ఆపేసేది. ఇంత చేసినా కాన్సరు ఏదో సందులోంచి దూరేది. దర్జీ వచ్చాకే ఆ సందు మూసుకుపోయింది. పదేళ్ళు బతకడమే గొప్పనుకునే కుక్కలు ముప్పై ఏళ్ళు, అదీ చివరిదాకా పరుగులు పెడుతూ బతకడం మొదలుపెట్టాయి.

కుక్కపిల్లను ఇచ్చేముందు ఆవిడ కొనేవాళ్ళ చేత చేతిలో చెయ్యి వేయించుకునేది. ఏ కారణంతో సాకలేకపోయినా వీధిలో వదలకూడదు, నాకే తెచ్చివ్వాలి అని. మంచి పెంపకందార్లందరికీ ఉన్న అలవాటే అది. వెనకటి రోజుల్లో ఆ మాట వాడుకునే అవసరం ఎవరికీ పెద్దగా పడేది కాదు, అంతకుముందే కుక్క పోయేది కాబట్టి. ఇప్పుడు వారం వారం బండి వస్తోంది, గదులు నిండిపోయాయి.

ఆ సాయంత్రం యంత్రం కంపెనీ శాస్త్రవేత్త నిహంత్ వచ్చాడు. కాఫీ చల్లారేదాకా నసిగి, చివరికి విషయం కక్కాడు.

"ఒక గడువు జన్యువు తయారు చేశాం మేడమ్. పన్నెండేళ్ళు ఏ జబ్బూ లేకుండా బతుకుతుంది. ఆ తర్వాత ఒకరోజు నిద్రలో పోతుంది. నొప్పుండదు. కొనేవాళ్ళు అదే అడుగుతున్నారు."

"చంపమని అడుగుతున్నారా?"

"అలాగని కాదు. మరీ ముప్పై ఏళ్ళంటే… మనిషికీ వేరే పనులుంటాయి కదండీ. మీ తల్లికుక్కలే కావాలి. మీరు ఊఁ అంటేనే."

"వీటిని బతికించడానికి నాకు పాతికేళ్ళు పట్టింది బాబూ. చంపడానికి ఎంతసేపు?"

నిహంత్ తల దించుకున్నాడు. "ఒక్క కుట్టు మేడమ్. కాదంటారు సరే, ఇక ముందు వచ్చేవాటిని ఎక్కడ పెడతారు?"

ఆవిడ ఆలోచించి చెబుతానని అతన్ని పంపేసింది. తను ఒప్పుకుంటే ఇక పుట్టబోయే ప్రతి పిల్లా చావును వెంటబెట్టుకునే పుడుతుంది. ఒప్పుకోకపోతే ఎవరికీ అక్కర్లేని కుక్కలు గదుల్లో పడి ఉంటాయి.

"ఒరే దర్జీ, వీళ్ళకి కుక్కంటే ఎప్పుడు విసుగొస్తుందిరా?"

ప్రతి కుక్క మెడకీ ఒక పట్టీ ఉంటుంది. గుండె లయతోపాటు మనిషి చెయ్యి ఎంతసేపు తగిలిందో కూడా అది కొలుస్తుంది. ఆ లెక్కలన్నీ దర్జీ దగ్గరే ఉంటాయి.

"నాలుగో ఏటి నుంచి చెయ్యి తగలడం తగ్గుతుందమ్మగారూ. పదకొండో ఏటికి దాదాపు ఉండదు. యంత్రం రాకముందటి పట్టీల లెక్కల్లో ఇలా ఉండేది కాదు. జబ్బని తెలిసిన రోజు నుంచి పోయేదాకా దానిమీద చెయ్యి తీసేవారు కాదు."

జాస్వికమ్మ చల్లారిన కాఫీ పారబోయడానికి లేచింది.

"ఇంకో మాట. ఇక్కడున్న కుక్కల మీద మీ చెయ్యి పడి కూడా చాలా రోజులైంది," అంది దర్జీ.

తలుపు దగ్గర పడుకున్న బూరె వంక చూసిందావిడ. అది వచ్చినప్పటినుంచీ తను దాన్ని ముట్టుకోలేదు. సిగ్గేసింది. చాన్నాళ్ళకి ఏదో ఒకటి అనిపించినందుకు ఆశ్చర్యం కూడా వేసింది.

మర్నాడు తన్మయికి ఫోను చేసింది. "బూరె అతుకులో లోపం ఉందమ్మా. ఇంకా ఆరు నెలలే బతుకుతుంది," అని ఏ తడబాటూ లేకుండా అబద్ధం ఆడేసింది.

చీకటి పడకముందే తన్మయి, మొగుడు, వాళ్ళ ఇరవయ్యేళ్ళ పిల్ల కొండెక్కి వచ్చేశారు. ఆ పిల్ల గేటు దగ్గరే బూరె మెడ కావలించుకుని కూలబడిపోయింది.

"మాకేటి పోయేకాలం డాక్టరమ్మా, దీన్ని పంపేశాం," అని తన్మయి ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. వెళ్ళేటప్పుడు బూరెను వెనక సీట్లో ముగ్గురి ఒళ్ళోనూ అడ్డంగా పడుకోబెట్టుకున్నారు.

ఇక జాస్వికమ్మ ఆగలేదు. ఒక్కొక్క యజమానికీ ఫోను చేసి అదే అబద్ధం చెప్పింది. పడవలో ఒకరు, విమానంలో ఒకరు, పెళ్ళి పీటల మీంచి లేచి ఒకరు వచ్చారు. తిట్టుకుంటూ ఒక్కరూ రాలేదు. గదులు ఖాళీ అయిపోయాయి. ఊరూరా మెడపట్టీల్లో మనిషి చెయ్యి మళ్ళీ నమోదవుతోందని దర్జీ రోజూ చెప్పేది.

"మనుషులు మంచివాళ్ళేనయ్యా. నీ గడువు నాకొద్దు," అని నిహంత్‌కి తెగేసి చెప్పేసింది. ఆ పూట గర్వంగా, సంతోషంగా రెండు ముద్దలు ఎక్కువ తింది కూడా.

ఆరు నెలలు గడిచాయి. ఏడో నెల కూడా అయిపోయింది. ఒక మధ్యాహ్నం తన్మయి ఫోను చేసింది.

"ఎలా ఉందమ్మా బూరె?"

"బాగానే ఉంది డాక్టరమ్మా. పొద్దున్న కూడా బీచిలో పరిగెట్టింది." గొంతు తగ్గించింది. "ఏటనుకోకండి. మీరు ఆరు నెలలన్నారు కదా. దీనికోసం ఊరెళ్ళడం రెండుసార్లు మానుకున్నాం. పిల్ల చదువు పక్కనపెట్టి దీని దగ్గరే కూర్చుంది. ఏడ్చి ఏడ్చి మాకూ ఓపిక లేదు. అంటే… ఇంకెన్నాళ్ళు?"

ఆ గొంతులో దురుద్దేశం ఏమీ లేదు. ఆస్పత్రి వరండాలో జాగారం చేసి చేసి అలసిపోయిన గొంతు, అంతే. నిజం చెబితే సాయంత్రానికల్లా బండి గేటు ముందు ఉంటుందని జాస్వికమ్మకి తెలుసు.

"నిన్ననే పట్టీ లెక్కలు మళ్ళీ చూశానమ్మా," అంది. "ఈ వారం దాటదు."

"అయ్యో నా తల్లీ," అంటూ తన్మయి ఫోను పెట్టకుండానే బూరె దగ్గరికి పరుగెత్తింది. మెడపట్టీ మీద చెయ్యి పడిందని దర్జీ చెప్పింది. రెండో చెయ్యి కూడా.

"వచ్చే వారం ఏం చెబుతారమ్మగారూ?"

జాస్వికమ్మ చీపురూ బకెట్టూ తీసుకుని, బూరె కోసం ఖాళీ గది ఒకటి కడగడానికి వెళ్ళింది.