తువ్వాలు కింద ఆరో లాట్

సాలూరు బస్టాండు వెనక లాడ్జిలో సోమన్న అనే ఇన్ఫార్మర్, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయాడు. గుండెపోటు అని రాసుకుని వెళ్ళిపోయారు పోలీసులు. మెడ వెనక సూదిమొన గుర్తు చూసిన డాక్టరు మాత్రం నోరెత్తకుండా, ఫోన్ చేయాల్సిన చోటికి ఫోన్ చేశాడు. చచ్చిపోయే ముందు సోమన్న పంపిన మెసేజ్‌లో నాలుగు ముక్కలే ఉన్నాయి. బూడిదరంగు మఫ్లర్. పచ్చ తువ్వాలు. మిరియాల కాఫీ. చేతిబేరం.

విశాఖపట్నంలో, రొయ్యల ఎగుమతుల బోర్డు తగిలించుకున్న ఒక ఆఫీసులో, చీఫ్ రమణమూర్తి ఆ మెసేజ్‌ను ఏజెంట్ ఫల్గుణ ముందుకు తోశాడు.

"మఫ్లర్ కొనేవాడిది, తువ్వాలు అమ్మేవాడిది, కాఫీ కోడ్‌వర్డ్. ఇంతవరకూ తెలిసింది. ఈ చేతిబేరం ఏమిటో తేల్చలేక ముగ్గురు కోడ్ ఎక్స్‌పర్టులు రెండు రోజులుగా తలలు బద్దలుకొట్టుకుంటున్నారు."

ఫల్గుణకు నవ్వొచ్చింది. "అది కోడ్ కాదు సార్. పశువుల సంతలో బేరం. అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి తువ్వాలు కింద కలుస్తాయి. వేలు పట్టుకుంటే ఒకటి. పిడికిలి పట్టుకుంటే ఐదు. పక్కన నిలబడ్డవాడికి కూడా అంకె తెలీదు."

"నీకెలా తెలుసు?"

"మా నాన్న గాసి డుంబ్రిగుడ సంతలో పశువుల దళారి. నేను లెక్కలు నేర్చుకున్నదే ఆ తువ్వాలు కింద."

రమణమూర్తి నవ్వలేదు. "అయితే విను. మన ఆఫీసులో ఒక ఇంటిదొంగ ఉన్నాడు. నిన్న పట్టుకున్నాం. కానీ సరుకు అప్పటికే చేతులు మారింది. ఒకే ఒక్క మైక్రోఫిల్మ్, కాపీలు లేవు. అందులో ఒకే ఫోటో. కీర్తి నా పక్కన నిలబడి ఉన్న ఫోటో."

ఫల్గుణ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

కీర్తి నాలుగేళ్లుగా ఒక విదేశీ ముఠాలో ఉంది. ముఠా లెక్కలో ఆమె వాళ్ళ మనిషి, నిజానికి మన మనిషి. పాత గడియారాలు, బొమ్మలు, వింత వస్తువులు వేలం వేసే ముసుగులో ముఠా రహస్యాలు కొంటుంది. ఆ వేలాలు నడిపేది కీర్తే. తమలో ఒక ద్రోహి ఉన్నట్టు ముఠాకు ఉప్పందింది గాని, ఎవరన్నది తెలియదు. ఆ ఫోటో ఇప్పుడు ఒక గడియారం కడుపులో దాక్కుని, కీర్తి చేతుల మీదుగానే అరకులో వేలానికి వస్తోంది.

"ముందే ఆమెను తప్పించేయొచ్చుగా సార్?"

"ఎస్టేటు గేటు దగ్గర ముఠా మనుషులు ఎనిమిది మంది. ఆమె కదిలితే అక్కడే కాల్చేస్తారు. మనం రెయిడ్ చేసినా అంతే. ముఠా తరఫున కొనేవాడు నరేష్ అన్న పేరుతో సింగపూర్ నుంచి దిగాడు. పాడుకున్న గడియారాన్ని అక్కడే విప్పి చూస్తాడు. చూశాడా, కీర్తి ఇక ఘాట్ రోడ్డు దిగదు." రమణమూర్తి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "గడియారాలు పన్నెండు. ఏది అన్నది అమ్మేవాడు తువ్వాలు కింద నరేష్‌కి చెప్తాడు. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు."

"అయితే మధ్యలో దళారి దూరొచ్చు," అన్నాడు ఫల్గుణ.

డిసెంబరు నెల, ఉదయం పది. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకిన కాఫీ ఎస్టేటు, మధ్యలో పెంకుల బంగ్లా. మంచు ఇంకా విడలేదు. గేటు దగ్గర ఫోన్లు లాక్కున్నారు. లోపల జామర్. ఆఫీసువాళ్ళు ముచ్చటపడి ఇచ్చిన టైపిన్ ట్రాన్స్‌మిటర్, బఠాణీ గింజంత ఇయర్‌పీస్ గుమ్మం దాటగానే చచ్చూరుకున్నాయి. లక్షలు పోసి కొన్న సామాను మరి. ఫల్గుణకు పది వేళ్ళు మిగిలాయి.

హాల్లో వేదిక మీద కీర్తి మైకు సరిచేసుకుంటోంది. ముదురు ఎరుపు పట్టుచీర, వజ్రాల దుద్దులు, చేతిలో చెక్కసుత్తి. ఫిల్మ్ సంగతి ఆమెకు తెలుసు. ఏ గడియారంలో ఉందో తెలియదు. ఫల్గుణను చూసి, ఎవరో ముక్కూమొహం తెలియనివాణ్ణి చూసినట్టు చూపు తిప్పుకుంది. ట్రైనింగులో అతనికి పిస్తోలు పట్టడం నేర్పింది ఆమె. ఈ రోజు ఆమెకేమైనా అయితే తను మనిషిగా మిగలడు. ఆ సంగతి అతనికి స్పష్టంగా తెలుసు, అందుకే భయంతో అరచేతులు చెమర్చాయి.

వరండాలో భుజం మీద పచ్చ తువ్వాలుతో ఒక లావుపాటి మనిషి నిలబడి ఉన్నాడు. గంగరాజు. సాలూరు వ్యాపారి. ఒకప్పుడు పశువులు, ఇప్పుడు పాత సామాన్లు. ఫల్గుణ చేతులు తుడుచుకుని, బూడిదరంగు మఫ్లర్ సర్దుకుని పక్కన చేరాడు.

"ఈ చలికి మిరియాల కాఫీ దొరుకుతుందా?"

"మిరియాలున్నాయి గాని కాఫీ అయిపోనాది బాబూ."

తువ్వాలు జారి ఇద్దరి చేతుల మీదా పడింది. గంగరాజు మొరటు వేళ్ళు ఫల్గుణ పిడికిలిని పట్టుకుని వదిలాయి. తర్వాత చూపుడువేలిని పట్టుకున్నాయి. ఐదూ ఒకటీ ఆరు. ఫల్గుణ బొటనవేలు దానంతటదే గంగరాజు అరచేతిని రెండుసార్లు నొక్కింది. సంతలో అది 'ఖాయం' అన్న గుర్తు. చిన్నప్పటి అలవాటు, ఆపుకునేలోగా అయిపోయింది. సింగపూర్ నుంచి వచ్చినవాడికి అంకెలైతే నేర్పి ఉంటారు గాని, ఇది ఎవరు నేర్పుతారు?

గంగరాజు కళ్ళు చికిలించాడు. "బాగానే నేర్సుకున్నావే."

"నేర్పినవాళ్ళు గట్టివాళ్ళు," అని ఫల్గుణ అక్కణ్ణించి జారుకున్నాడు. కొంప ముంచుకున్నానురా దేవుడా అనుకున్నాడు.

ఇంతలో మైకులో కీర్తి గొంతు. "సరుకు ఇచ్చినవాళ్ళు దయచేసి చివరి వరసలో కూర్చోవాలి." గంగరాజు గొణుక్కుంటూ వెనక్కి వెళ్ళాడు. ఫల్గుణ బాత్రూములో దూరి మఫ్లర్ తీసి లోపల దాచి, కోటు కింద చుట్టుకున్న పచ్చ తువ్వాలు భుజాన వేసుకుని, ప్రదర్శన బల్ల దగ్గరికి నడిచాడు. అక్కడ రెండో బూడిదరంగు మఫ్లర్ ఉంది. సన్నగా, నున్నగా ఉన్న మనిషి. నరేష్.

అదే ప్రశ్న. అదే జవాబు. ఈసారి జవాబు ఫల్గుణది. తువ్వాలు కింద నరేష్ చెయ్యి చల్లగా, మెత్తగా ఉంది. పిడికిలి. మళ్ళీ పిడికిలి. ఒక వేలు. పదకొండు. నరేష్ బొటనవేలు కదల్లేదు. తల మాత్రం ఊపి, వెళ్ళి ముందు వరసలో కూర్చుని, హీటరు వేడికి మఫ్లర్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఫల్గుణ మళ్ళీ తన మఫ్లర్ చుట్టుకుని మధ్య వరసలో కూర్చున్నాడు. ఐదు గడియారాలు అమ్ముడుపోయాయి.

"లాట్ ఆరు," అంది కీర్తి. "కిరండుల్ లైనులో పనిచేసిన రైల్వే గార్డు జేబు గడియారం. వెండి మూత. యాభై వేలతో మొదలు."

ఫల్గుణ తన నంబరు అట్ట ఎత్తాడు. రెండో నిమిషంలో పాట ముగిసిపోయేదే. కానీ పక్క కుర్చీలోని తెల్లజుట్టు పెద్దావిడ, విశాఖపట్నం డాక్టరు జయలక్ష్మి, అట్ట దించడం లేదు. లక్ష. రెండు. మూడున్నర. నాలుగు లక్షల తొంభై వేలు ఆవిడ పాట. ఆఫీసు ఇచ్చిన లిమిట్ ఐదు లక్షలు. అక్కడితో సరి.

"ఐదు," అన్నాడు ఫల్గుణ.

చివరి వరసలో గంగరాజు ఇందాకటి నుంచీ అరచెయ్యి రుద్దుకుంటున్నాడు. మఫ్లర్ మనిషి ఆరో లాటే పాడుతున్నాడు, అంతా బాగానే ఉంది. కానీ ఆ బొటనవేలు మనసులోంచి పోవడం లేదు. అప్పుడే ముందు వరసలో నరేష్ ఒళ్ళోని మఫ్లర్ తీసి మెడకు చుట్టుకున్నాడు. రెండో బూడిదరంగు మఫ్లర్! గంగరాజు దిగ్గున లేచాడు.

"ఐదున్నర," అని అరిచాడు.

హాలంతా వెనక్కి తిరిగింది. కీర్తి సుత్తి గాల్లో ఆగింది. ఫిల్మ్ ఎందులో ఉందో ఆమెకు ఆ క్షణంలో తెలిసిపోయింది. మొహంలో మాత్రం చిరునవ్వు చెదరలేదు.

"మీ నంబరు సార్?"

"నంబరేటి, డబ్బులిత్తానంతన్నాను కదా."

"నంబరు లేని పాట చెల్లదు. కూర్చోండి. ఐదు లక్షలు, ఒకటోసారి."

గంగరాజు కూర్చోలేదు. కుర్చీల మధ్య సందులో నరేష్ వైపు నడిచాడు. జయలక్ష్మి చేతిలో అట్ట కదిలింది. ఫల్గుణ ఆమె వైపు వంగాడు.

"అమ్మా, వదిలేయండి. ఒక మనిషి ప్రాణం దీనిలో ఉంది."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. నలభై ఏళ్ళు రోగుల మొహాలు చదివిన డాక్టరమ్మ. అట్ట ఒళ్ళో పెట్టేసుకుంది.

"రెండోసారి."

గంగరాజు ముందు వరస చేరి నరేష్ చెవిలో వంగాడు. నరేష్ మెడ నిటారుగా లేచింది. చెయ్యి లేచింది. అట్ట ఇంకా గాల్లోకి పూర్తిగా రానేలేదు.

"మూడోసారి." సుత్తి బల్ల మీద పడింది. "మధ్య వరసలో మఫ్లర్ కట్టుకున్న పెద్దమనిషికి."

ముప్ఫైమంది ధనవంతుల ముందు నరేష్ నోరు మెదపలేకపోయాడు. డెలివరీ బల్ల దగ్గర ఫల్గుణ వేలిగోటితో వెనక మూత తెరిచి, బియ్యపు గింజంత ఫిల్మును కోటు చేతిలోకి జార్చుకున్నాడు. తలెత్తితే ఎదురుగా గంగరాజు.

"ఏ సంత బాబూ నీది?"

"డుంబ్రిగుడ. గాసి కొడుకుని."

గంగరాజు తన అరచెయ్యి చూసుకున్నాడు. "అనుకున్నాను. గాసి కూడా అలాగే రెండుసార్లు నొక్కీవోడు."

ఆ మధ్యాహ్నం వేలం ముగిసి బళ్ళన్నీ కొండ దిగుతుంటే, ఘాట్ చెక్‌పోస్టులో అటవీశాఖ యూనిఫాంలో ఉన్న రమణమూర్తి మనుషులు నరేష్‌ను, గంగరాజును, గేటు దగ్గరి ఎనిమిది మందిని వరసగా జీపులెక్కించారు. అక్కడే ముఠా కారు దిగిన కీర్తి, ఫల్గుణ కారులో కూర్చుని ఫిల్మును అగ్గిపుల్లతో కాల్చింది. బూడిద చల్లారేదాకా ఫల్గుణ కారు తీయలేదు.

మూడో మలుపు దాటాక ఆమె అడిగింది. "ఎంతవరకు పాడమన్నారు ఆఫీసువాళ్ళు?"

"ఐదు లక్షలు."

"నాలుగేళ్లు చావుతో కాపరం చేశాను. నా ఖరీదు ఐదు లక్షలేనా?"

ఫల్గుణ గేరు మార్చాడు. "జీఎస్టీ అదనం."