ఫియట్‌కు లేని జబ్బు

"దిగి నెట్టరా, ప్రాణేశా!"

ఆ నెలలో మా నాన్న నోట ఈ మాట రావడం అది తొమ్మిదోసారి. ఆదోనిలో పేరుమోసిన వకీలు వెంకోబారావు గారు నల్లకోటు వేసుకుని స్టీరింగు ముందు ఠీవిగా కూర్చుంటారు. ఆయన ఏకైక కుమారుణ్ణి, బి.ఏ. పాసైనవాణ్ణి, రెండు నెలల్లో బ్యాంకు ఉద్యోగంలో చేరబోయేవాణ్ణి, నేను మాత్రం వెనక నుంచి ఫియట్ కారును నెడతాను. న్యాయం కోర్టులోనే తప్ప ఇంట్లో దొరకదని నాకు నేర్పింది ఆ కారే.

అది 1978, శ్రావణమాసం. ఎమ్మిగనూరు పొలిమేరకు వచ్చి ఆగిపోయింది బండి. పైన సన్నటి జల్లు, కింద జారుడు బురద. అప్పటికే ఆదోనిలో ముగ్గురు మెకానిక్కులు దాన్ని చూశారు. ఒకడు కాయిల్ మార్చాడు, ఇంకొకడు పంపు మార్చాడు. మూడోవాడు బ్యాటరీ మార్చి, "ఇంగ ఇంజనే మార్చల్ల సార్" అని చెప్పి చేతులు దులుపుకున్నాడు. "మెకానిక్కును నమ్మేకంటే ముద్దాయిని నమ్మచ్చు" అని మా నాన్న ఆ రోజు నుంచి అందరికీ చెబుతున్నారు.

"ఆదోని వాళ్లా?"

వెనక్కి తిరిగి చూశాను. నల్ల గొడుగు కింద ఒక అమ్మాయి. చంకలో బడిపిల్లల నోటుబుక్కుల కట్ట, కళ్లలో నవ్వు. నా ముఖం మీద ఎంత బురద ఉందో ఆ నవ్వును బట్టే తెలిసింది.

"అవును. కారు మీద రాసుందా?" అన్నాను ఒళ్లు మండి.

"రాసి లేదు, కుక్కి ఉంది. పెట్రోల్ ట్యాంకుకు మూత బదులు పత్తి కుక్కేది ఆదోని వాళ్లు కాక ఇంకెవరు?"

ట్యాంకు మూత పోయి నెల దాటింది. కొత్తది తెప్పించేలోగా మా నాన్న తన క్లయింటు జిన్నింగు మిల్లుకు పోయి, గుప్పెడు పత్తి తీసుకొచ్చి గట్టిగా కుక్కించారు. మా ఊళ్లో చెవిపోటు వచ్చినా పత్తే, దీపం పెట్టినా పత్తే.

నాన్న కిటికీలోంచి తల బయటపెట్టారు. "మేలు రకం పత్తమ్మా అది!"

"మేలు రకమే సార్. అందుకే నేరుగా పైపులోకి దిగింటుంది. ఆ మలుపు తిరిగితే మా నాయన షెడ్డు. నెట్టుకోని రండి." నన్ను ఒకసారి కిందికీ మీదికీ చూసి, "కొంచెం బలంగా నెట్టల్ల" అని ముందుకు నడిచింది.

నెట్టాను. ఆ గొడుగు వెనకాల అయితే కర్నూలు దాకా నెట్టేవాణ్ణి.

షెడ్డులో ఉన్న మనిషిని చూసి మా నాన్న బిత్తరపోయారు. నుదుట అంగారాక్షతల బొట్టు, చేతుల మీద గోపీచందనం ముద్రలు, కచ్చ పోసి కట్టిన పంచె, ఆ పంచె నిండా గ్రీజు. పేరు వాదిరాజు. మంత్రాలయం దగ్గర గుడి సేవ చేసే మాధ్వుల ఇంట పుట్టి, చిన్నప్పుడే బస్సు ఇంజన్ల మీద మనసు పడి స్పానరు పట్టాడట. బంధువులు ఆయన్ను నూనె ఆచార్లని ఎగతాళి చేస్తారు, ఊరివాళ్లు స్వామి మేస్త్రీ అంటారు. మేమూ మాధ్వులమే. మా వాళ్లలో పూజారులున్నారు, పంతుళ్లున్నారు, వకీళ్లున్నారు. కార్బురేటర్ కడిగే ఆచార్లను మాత్రం మేము అదే చూడటం.

ఆయన ముందుగా నేల మీద విస్తరాకు పరిచాడు. విప్పిన ప్రతి సామానూ వరసగా ఆ ఆకులో పెట్టాడు.

"వకీలు గారూ, మీరు ఈడ కూర్చోండి. నేను తీసేదీ, పెట్టేదీ మీ కండ్లెదుర జరగల్ల. అది నా పద్ధతి."

పెట్రోల్ పైపు ఊదాడు. పుటుక్కున ఒక పత్తి ఉండ ఆకులో పడింది. ఇంకోసారి ఊదితే ఇంకొకటి పడింది.

"ఇంతే సార్ జబ్బు. మీ పాత కాయిలూ మంచిదే, పాత పంపూ మంచిదే. ఎవురో ఊరికే మార్చినారు."

"మరి మీరేం మారుస్తారు?" అన్నారు నాన్న అనుమానంగా.

"ఒక మూత తగిలిస్తా. బాగుండేదాన్ని మార్చేదానికి నాకు చేతులు రావు."

మా నాన్న ఒక మెకానిక్కుకు నమస్కారం పెట్టడం నేను చూసింది ఆ రోజే. మర్నాడు ఆదోని కోర్టులో వకీళ్ల గదంతా ఒకటే మాట: "ఎమ్మిగనూరులో హరిశ్చంద్రుడున్నాడయ్యా!" వారం తిరక్కుండా ఆదోని కార్లు ఒకటొకటే ఆ షెడ్డుకు బయలుదేరాయి.

అంతా బాగుంది. ఒక్క నేనే బాగాలేను. బాగుపడిన కారు ఇంక ఎమ్మిగనూరు పోదు కదా! ఆ అమ్మాయి పేరు తారాబాయి అనీ, ఆడపిల్లల బళ్లో లెక్కలు చెబుతుందనీ, బడి వదలగానే షెడ్డుకు వచ్చి తండ్రి రిజిస్టరు రాస్తుందనీ కనుక్కున్నాను. ఇంత తెలుసుకున్నాక ఆదోనిలో కూర్చోవడం ఏ మగవాడికైనా కష్టమే.

అందుకని ఒక సోమవారం పొద్దున కాయిల్ వైరు రవ్వంత వదులు చేశాను. కారు నాలుగడుగులు వేసి దగ్గి ఆగింది. నాన్న తిట్టుకుంటూ రిక్షా ఎక్కారు. ఆయన వీధి మలుపు తిరగగానే వైరు తగిలించి, బడి వదిలే వేళకు షెడ్డు ముందు మళ్లీ వదులు చేసి, అమాయకంగా హారను కొట్టాను.

"మళ్లీ ఏమైంది సార్?" అంది తార.

"తెలీదండీ. దీనికి ఎమ్మిగనూరు గాలి పడినట్టుంది."

"గాలి కారుకు పడిందా, డ్రైవరుకు పడిందా?"

"రెండింటికీ ఒకటే జబ్బు."

"అయితే ఇద్దరినీ విస్తరాకులో పెట్టమంటాను మా నాయనతో" అని నవ్వింది. ఆ నవ్వుకు నాకు నిజంగానే ఊపిరి ఆగి మళ్లీ స్టార్ట్ అయింది.

వాదిరాజు వైరు బిగించాడు. మరుసటి వారం మళ్లీ వదులైంది. ఆయన కొత్త నట్టు వేసి బిగించాడు. ఆపై వారం మళ్లీ వదులైంది. నాకు మాత్రం పండగ. ఆయన వంచిన తల ఎత్తకుండా పని చేస్తుంటే, తారా నేనూ రిజిస్టరుకు అటొకరు ఇటొకరు కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. బాంబే నుంచి వచ్చే కొత్త చీరల మీద, లెక్కల్లో సున్నా తెచ్చుకునే పిల్లల మీద, వాన మీద. వాన లేకపోతే వాన ఎందుకు రాలేదన్న దాని మీద. ఒకసారి పెన్ను అందుకోబోయి వేళ్లు తగిలాయి. ఆ రోజు తిరుగు ప్రయాణంలో కోటేకల్ ఎప్పుడు దాటానో, ఆరెకల్ ఎప్పుడు వచ్చిందో నాకు తెలిస్తే ఒట్టు.

ఆరోసారి వెళ్లేసరికి వాదిరాజు షెడ్డులో లేడు. తార ఒక్కతే ఉంది. నవ్వలేదు.

"ఈసారి యాడ ఆగింది?"

అడిగిందే చాలని కథ అల్లుకుపోయాను. "నిన్న నాయనతో ఆస్పరి పోయినానండీ. ఆడ హోటల్లో ఇద్దరమూ ఉప్పిట్టు తిని, కాఫీ తాగి బయటికొస్తే, కారు కదల్లేదు."

"నిన్ననా?"

"నిన్ననే."

"మీ నాయన కూడా ఉప్పిట్టు తిన్నారా?"

"రెండు ప్లేట్లు!"

"నిన్న ఏకాదశి" అంది తార.

మా ఇళ్లలో ఏకాదశి నాడు మంచినీళ్లు కూడా గొంతు దిగవు. నేనూ నిన్నంతా కడుపు మాడ్చుకుని పడుకున్నవాణ్ణే. ఎవరి ముందు అబద్ధమాడినా సాగేదేమో, మాధ్వుల పిల్ల ముందు మా నాన్నకు ఏకాదశి నాడు ఉప్పిట్టు తినిపించాను!

"వైరు ఊడదీస్తాండేది మీరే కదా?"

తల వంచుకున్నాను.

"మీకు ఇది ఆట" అంది తార. "పోయిన వారం మీ నాయన కోర్టుకు లేటుగా పోయినారంట. జడ్జి గారు అందరి ముందర మందలించినారంట. 'ఆ ఎమ్మిగనూరు హరిశ్చంద్రుడు కూడా అందరి మాదిరే' అని మీ నాయన వకీళ్ల గదిలో అన్నారంట. అప్పట్నుంచి ఆదోని కారు ఒక్కటి రాలేదు. మా నాయన దానికి కూడా బాధపడల్యా. 'నేను బిగించింది ఊడిపోతాంది తారా, నా చెయ్యి పని మర్చిపోయింది' అంటాండాడు. అన్నం సరిగ్గా తినడు. సామాను అమ్మేసి మంత్రాలయం పోతాడంట, మఠంలో గంధం తీసే సేవకు. మాట్లాడేదానికే పోయినాడు ఈ పొద్దు."

ఇన్ని వారాలూ ఆయన వంచిన తల నాకు సౌకర్యంగా కనిపించింది కానీ, అది ఎందుకు వంగిందో ఒక్కసారీ ఆలోచించలేదు.

"నేను చెప్తాను. ఆయన వస్తూనే కాళ్లు పట్టుకుంటాను."

"మా నాయన కాళ్లు పట్టుకుంటే మా నాయనకు తెలుస్తాది. పేరు పోయింది యాడ? ఆడ చెప్పండి. అంతవరకు ఈడికి రావొద్దు."

మర్నాడు పదకొండు గంటలకు ఆదోని కోర్టు వకీళ్ల గదిలో నిలబడ్డాను. పదిహేను నల్లకోట్లు, మధ్యలో మా నాన్న.

"నాయనా, మన కారుకు ఏ జబ్బూ లేదు. వైరు నేనే ఊడదీసినాను. స్వామి మేస్త్రీ తప్పు గోరంత కూడా లేదు."

మా నాన్న మెల్లగా కళ్లద్దాలు తీశారు. ఆయన కళ్లద్దాలు తీస్తే ఎదుటి సాక్షికి చెమటలు పడతాయని ఊరందరికీ తెలుసు.

"ఎన్నిసార్లు?"

"ఆరుసార్లు."

"నేను జడ్జితో మాటపడిన రోజు?"

"అది ఐదోసారి."

"కారణం?"

నేను కిటికీ వైపు చూశాను.

"సాక్షి జవాబు చెప్పల్ల. ఎందుకు ఊడదీసినావు?"

"ఎమ్మిగనూరు పోయేదానికి."

"ఎమ్మిగనూరులో ఏముంది?"

"మేస్త్రీ గారి కూతురు."

గది గొల్లుమంది. ఒక పెద్ద వకీలు నవ్వలేక బల్ల పట్టుకున్నాడు. మా నాన్న ముఖం మాత్రం ఎర్రగా కందిపోయింది. కోటు తీసి కుర్చీ మీద వేశారు. కొడతారనుకున్నాను.

"నడువ్, కారు తియ్" అన్నారు. "నీ మాట విని నేను ఒక నిజాయితీపరుణ్ణి నలుగురిలో తీసిపారేసినాను. ముందు ఆయన దగ్గరికి పోవల్ల. నీ సంగతి తర్వాత." గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, "విన్నారు కదయ్యా అందరూ? సాయంత్రానికి ఊరంతా తెలియల్ల!" అని కేక వేశారు.

షెడ్డులో వాదిరాజు స్పానర్లన్నీ తుడిచి గోనెసంచీలో సర్దుతున్నాడు. తార బడికి పోకుండా తలుపు దగ్గరే ఉంది. మా నాన్న నేరుగా పోయి చేతులు జోడించారు.

"ఆచార్లూ, పత్తి కుక్కిన తప్పు నాది. వైరు ఊడదీసిన తప్పు నా కొడుకుది. మీది ఒక్కటీ లేదు. మీ గురించి తప్పుగా మాట్లాడినాను, క్షమించండి."

వాదిరాజు నన్ను చూశాడు. తన చేతులు చూసుకున్నాడు. మళ్లీ నన్ను చూశాడు. కోపం వస్తుందని ఎదురుచూస్తున్న నాకు, ఆయన కళ్లలో నీళ్లు కనిపించాయి.

"నేను బిగించింది ఊడలేదు! తారా, విన్నావా? ఊడలేదమ్మా, ఊడదీసినారు!" అని పసిపిల్లాడిలా నవ్వాడు. సంచీలోని స్పానర్లన్నీ బల్ల మీద గుమ్మరించాడు.

ఆ నవ్వు చూశాక మా నాన్నకు ధైర్యం వచ్చింది. గొంతు సవరించుకున్నారు. "ఇంకో మాట. మావాడు మీ అమ్మాయి కోసమే ఈ పని చేసినాడంట. మా గోత్రం వేరే, మీ గోత్రం వేరే. మీకిష్టమైతే..."

"ఉండండి వకీలు గారూ" అని చెయ్యెత్తాడు వాదిరాజు. "నేను పాత బండి అమ్మించినా దాని లోపాలు ముందే చెప్తా. మా అమ్మాయికి కోపం జాస్తి. చారులో ఉప్పు మర్చిపోతాది. తప్పు లెక్క చూస్తే మొగుడినైనా గోడకుర్చీ వేయిస్తాది."

"మావాడికి అబద్ధం చెప్పేది కూడా సరిగ్గా రాదు" అన్నారు నాన్న.

"అది లోపం కాదులెండి" అన్నాడు వాదిరాజు. ఇద్దరూ పకపకా నవ్వారు.

తార నవ్వలేదు. తలుపు దగ్గర నిలబడి చీర చెంగు వేలికి చుట్టుకుంటోంది. దగ్గరికి పోయాను.

"ఇంకా కోపం పోలేదా?"

"ఉంది. మీ మీద కాదు." తల ఎత్తకుండా అంది. "మూడోసారి వచ్చినప్పుడే నాకు తెలిసింది. కొత్త నట్టు మీద గీతలు చూసినాను. అంత గట్టిగా బిగించింది దానంతట అది ఊడదు. మా నాయనతో చెప్పల్యా."

"ఎందుకు?"

"చెప్తే మీరు రారు కదా."

నాకు ఎగిరి షెడ్డు రేకు తాకాలనిపించింది. "ఇది ఎవురికీ చెప్పకండి. మన ఇద్దరి మధ్యనే ఉండనీండి" అన్నాను గుసగుసగా.

"అట్ల కాదు. అది దాచిపెట్టుకోని నేను పెండ్లి పీటల మీద కూర్చోలేను."

ఆపేలోపే వెళ్లి తండ్రి ముందు నిలబడింది. చెప్పేసింది. మూడోసారి నుంచి తెలుసనీ, ఆయన అన్నం మానినా నోరు విప్పలేదనీ, ఏకాదశి నాటికి ఇంక తట్టుకోలేకపోయాననీ అంతా చెప్పి, ఏడుస్తూ తల దించుకుంది.

వాదిరాజు గ్రీజు చేతిని పంచెకు తుడుచుకుని, ఆ చెయ్యి కూతురి తల మీద పెట్టాడు. రెండో చేత్తో నన్ను రమ్మని పిలిచాడు.

"ఇద్దరికీ ఒకటే జబ్బు, వకీలు గారూ" అన్నాడు. "ఇంగ వీళ్లను విడివిడిగా విప్పి చూసే పనిలేదు. కలిపి బిగించేద్దాం."